'కొట్టాడా?' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్న అధికారులకు, వైద్యులకు, పరిశోధకులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గృహహింస ఫిర్యాదులు స్వీకరించే రక్షణాధికారులకు, పోలీసు అధికారులకు, ప్రభుత్వ వైద్యులకు, న్యాయసేవాధికార సంస్థల బాధ్యులకు, విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల ఆచార్యులకు నమస్కారం.

నేను కావలి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. పదకొండేళ్ళు కాపురం చేసి, నాలుగేళ్ళ కిందట ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని బయటికి వచ్చాను. ఆ పదకొండేళ్ళలో నా భర్త నా మీద చేయి చేసుకున్నది లేదు. ఈ మాట దాచకుండా చెప్పినందుకే నా ఫిర్యాదు ఒక కార్యాలయంలో మూడుసార్లు పక్కకు పోయింది. మొదటిసారి 'కొట్టాడా అమ్మా?' అని అడిగారు, లేదన్నాను. 'తాగుతాడా?' అన్నారు, లేదన్నాను. 'ఇంకెవరితోనైనా సంబంధం ఉందా?' అన్నారు, నాకు తెలిసి లేదన్నాను. 'మరి ఇంకేం తల్లీ, బంగారం లాంటి మనిషి' అని చెప్పి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పిల్లల మొహం చూసి సర్దుకుపొమ్మని పంపించారు. రెండోసారి దెబ్బల ఫోటోలు తెమ్మన్నారు. మూడోసారి అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. జవాబు ఈనాటి వరకూ రాలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ తరువాత నేను మాట్లాడిన ఆడవాళ్ళలో చాలామందికి వేరు వేరు చోట్ల ఇదే ప్రశ్న, ఇదే జవాబు ఎదురైనాయి కాబట్టి, ఈ లేఖ అందరికీ రాస్తున్నాను.

ఆ ఇంట్లో రోజు ఎలా గడిచేదో కొంత వివరంగా చెప్పాలి. నా జీతం పడే బ్యాంకు ఖాతాకు ఆయన ఫోన్ నంబరు ఇచ్చి ఉండేది, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉండేది. వారానికి ఇంత అని నా చేతికి ఇచ్చి, శనివారం రాత్రి పుస్తకంలో లెక్క రాయించుకునేవారు. పది రూపాయలు తేలకపోతే తెల్లవారే దాకా పడుకోనిచ్చేవారు కాదు. బడికి రోజూ ఆయనే దింపి, సాయంత్రం ఆయనే ఎక్కించుకుని వచ్చేవారు. అది చూసి తోటి పంతులమ్మలు 'ఎంత ప్రేమ!' అని మురిసిపోయేవారు. నా స్కూటీని పెళ్ళయిన ఏడాదికే అమ్మేసిన సంగతి వాళ్ళకు తెలియదు. మధ్యాహ్నం భోజనాల వేళ వీడియో కాల్ వచ్చేది, పక్కన ఎవరెవరు కూర్చున్నారో ఫోన్ తిప్పి చూపించాలి. మా అమ్మ ఫోన్ చేస్తే స్పీకరు పెట్టి మాట్లాడాలి. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజుల్లో నేను ఆయన మంచం పక్కన ఉన్నది ఒక్క గంట. నా డిగ్రీ, బీఎడ్ పట్టాలు, ఆధార్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఆయన బీరువాలో, ఆ బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకు. పెద్దవాడికి ఏడేళ్ళు వచ్చినప్పటి నుంచి వాణ్ణి రాత్రిళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకుని 'అమ్మ ఇవాళ ఎవరితో మాట్లాడింది నాన్నా?' అని అడగడం మొదలైంది. వాడు నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి 'ఎవరితోనూ మాట్లాడలేదు' అనేవాడు. నా బిడ్డ అబద్ధం చెప్పడం నేర్చుకున్నది నన్ను కాపాడటానికి.

వీటిలో దేన్ని విడదీసి చూసినా పెద్ద నేరంలా కనిపించదు. అన్నీ కలిపి, పదకొండేళ్ళ పాటు, ఒక్క రోజు తెరిపి లేకుండా జరిగితే మనిషి ఏమవుతుందో దాదాపు అయిదు దశాబ్దాలుగా పరిశోధకులు రాస్తూనే ఉన్నారని నాకు బయటికి వచ్చాకే తెలిసింది. అమెరికాలోని డులూత్ నగరంలో 1984లో బాధిత మహిళలతో కూర్చుని, వాళ్ళు చెప్పిన అనుభవాలను ఒక చక్రంగా గీశారు. ఆ బొమ్మలో కొట్టడం చక్రం పట్టా మాత్రమే. లోపలి ఆకులన్నీ బెదిరించడం, నలుగురి నుంచి వేరు చేయడం, డబ్బు అందకుండా చేయడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం వంటివి. ఈవాన్ స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త 2007లో దీన్ని 'కోయెర్సివ్ కంట్రోల్' పేరుతో విపులంగా వివరించి, దెబ్బలను లెక్కబెట్టే చూపుతో ఇది ఎన్నటికీ అర్థం కాదని, దీన్ని స్వేచ్ఛను హరించే నేరంగా చూడాలని వాదించారు. నేను ఈ లేఖలో దాన్ని నిర్బంధ నియంత్రణ అంటాను. మన పల్లెల్లో ఆడవాళ్ళు 'ఊపిరి సలపనివ్వడు' అంటారు. నా దృష్టిలో ఆ మాటే ఎక్కువ సరైనది.

అంతకంటే ముందు, 1957లో, ఆల్బర్ట్ బిడర్మన్ అనే పరిశోధకుడు కొరియా యుద్ధంలో పట్టుబడిన అమెరికా వైమానిక దళ సిబ్బందిని లొంగదీయడానికి వాడిన పద్ధతులను ఎనిమిదిగా విడదీశారు. ఒంటరిని చేయడం, ధ్యాసంతా తమ మీదే ఉండేలా చేయడం, శరీరాన్ని, మనసును అలసట పాలు చేయడం, బెదిరించడం, అప్పుడప్పుడు కరుణ చూపడం, తాము సర్వశక్తిమంతులమని నిరూపించుకోవడం, అవమానించడం, అల్పమైన ఆజ్ఞలను కచ్చితంగా అమలు చేయించడం. ఆ పట్టిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'అల్పమైన ఆజ్ఞలు' దగ్గర నా శనివారపు లెక్కల పుస్తకం గుర్తుకొచ్చింది. 'అప్పుడప్పుడు కరుణ' దగ్గర, నన్ను రాత్రంతా నిలబెట్టిన మరునాడు ఆయన మూర మల్లెపూలు తెచ్చి నా జడలో తురమడం, నేను దానికి కృతజ్ఞతతో ఏడవడం గుర్తుకొచ్చాయి. యుద్ధ ఖైదీల మీద ప్రయోగించిన పద్ధతులకూ నా ఇంటికీ ఇంత దగ్గరతనం ఉన్నదని మీలో ఎవరైనా ఒక్కరు ఆనాడే నాకు చెప్పి ఉంటే, నేను మరో మూడేళ్ళు ఆ ఇంట్లో ఉండేదాన్ని కాదు.

ఇవి పరాయి దేశాల ముచ్చట్లు, మన కుటుంబాలు వేరు అనేవారు ఉన్నారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఈ ప్రశ్నలు ఉన్నాయి: వేరే మగవాళ్ళతో మాట్లాడితే భర్త కోపగిస్తాడా, స్నేహితురాళ్ళను కలవనిస్తాడా, పుట్టింటివాళ్ళతో రాకపోకలు తగ్గిస్తాడా, ఎక్కడున్నావో ప్రతి క్షణం తెలియాలంటాడా అని ప్రభుత్వమే అడిగిస్తున్నది. 2019-21 నాటి ఆ సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింసకు గురైన మహిళల్లో సాయం కోరినవారు నూటికి 14 మంది. ఎవరికీ చెప్పుకోకుండా, ఏ సాయమూ అడగకుండా ఉండిపోయినవారు 77 మంది. ఒంటి మీద గుర్తులున్నవాళ్ళ సంగతే ఇది. గుర్తులు లేనివాళ్ళు మీ గడప దాకా వచ్చారంటే ఎంత కూడగట్టుకుని వచ్చి ఉంటారో ఆలోచించండి.

చట్టం విషయంలో మనం వెనకబడి లేము. ఇంగ్లండ్, వేల్స్‌లలో నిర్బంధ నియంత్రణను నేరం చేసిన చట్టం 2015లో వచ్చింది, గరిష్ఠ శిక్ష 5 ఏళ్ళు. స్కాట్లండ్ 2018లో చేసిన చట్టంలో అది 14 ఏళ్ళు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2024 జులై 1 నుంచి 7 ఏళ్ళ శిక్షతో అమలవుతున్నది. మన గృహహింస నిరోధక చట్టం వీటన్నిటికంటే ముందే, 2005లో వచ్చింది. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే తప్ప నియంత్రణకు నేరుగా శిక్ష లేకపోయినా, దాని 3వ సెక్షన్ శారీరక, లైంగిక హింసలతో పాటు మాటల ద్వారా, మనసుకు, ఆర్థికంగా చేసే హింసను సమానంగా గుర్తించింది. అదే సెక్షన్ చివరి వివరణలో, ఒక ప్రవర్తన గృహహింస అవునా కాదా తేల్చేటప్పుడు మొత్తం పరిస్థితులను కలిపి చూడాలని స్పష్టంగా ఉంది. ఒక్కొక్క సంఘటనను విడదీసి 'ఇదేం పెద్ద విషయం' అనడానికి చట్టంలో చోటు లేదు.

గృహహింస ఫిర్యాదు వచ్చినప్పుడు మీరు నింపే నివేదిక పత్రం, ఫారం-1, తీసి చూడండి. ఇల్లు దాటి వెళ్ళనివ్వకపోవడం, ఫలానా మనిషిని కలవనివ్వకపోవడం, జీతం తీసేసుకోవడం, శీలాన్ని శంకించడం అన్నీ అందులో అచ్చయి ఉన్నాయి. నా విషయంలో ఆ వరుసల్లో ఒక్కటి కూడా చదివి వినిపించలేదు. అయితే ఆ ఫారంలోనే ఒక చిక్కు ఉన్నది: హింస జరిగిన తేదీ, స్థలం, సమయం రాయమంటుంది. దెబ్బకు తేదీ ఉంటుంది. పదకొండేళ్ళ అదుపుకు ఏ తేదీ రాయాలి? నేను 'పెళ్ళయిన రోజు నుంచి' అని రాస్తే, అలా రాయకూడదని కొట్టేశారు.

ఇలా వినకపోవడం వల్ల మామూలు ఆడవాళ్ళకు ఏం జరుగుతున్నదో నేను చూసినంత, చదివినంత మేరకు రాస్తున్నాను.

1. ఒళ్ళు దెబ్బతింటున్నది. తలనొప్పి, నిద్రలేమి, గుండెదడ, కడుపులో మంట అంటూ ఈ స్త్రీలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతారు. పరీక్షల్లో ఏమీ తేలదు. గ్యాస్ మాత్రలు, బలానికి మాత్రలు రాసి పంపిస్తారు, అదీ పక్కన భర్త నిలబడి ఆమె బదులు జబ్బు చెబుతుండగా. నిర్బంధ నియంత్రణకూ, కుంగుబాటుకూ, తీవ్ర భయానుభవం తరువాత మిగిలే మానసిక రుగ్మతకూ మధ్యస్థాయి సంబంధం ఉన్నదని అనేక అధ్యయనాలను కలిపి చూసి 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఇలాంటి దీర్ఘకాల నిర్బంధం తరువాత వచ్చే రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో విడిగా చేర్చింది. బయటపడి నాలుగేళ్ళయినా, బడి గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగిన చప్పుడు వింటే నా చేతిలో సుద్దముక్క ఇప్పటికీ జారిపోతుంది.

2. నిర్ణయం తీసుకునే శక్తి పోతున్నది. దీన్ని గురించి తక్కువగా మాట్లాడతారు కాబట్టి కొంచెం చెప్పనివ్వండి. బయటికి వచ్చిన మొదటి నెలలో రైతుబజారుకు వెళ్ళి, వంకాయలు తీసుకోవాలో బెండకాయలు తీసుకోవాలో తేల్చుకోలేక, సంచీ పట్టుకుని నిలబడి ఏడ్చాను. ముప్పై ఎనిమిదేళ్ళ దాన్ని, తరగతి గదిలో అరవై మందికి రాజ్యాంగం చెప్పేదాన్ని. పదకొండేళ్ళ పాటు ప్రతి చిన్న ఎంపికకూ శిక్ష భయం ముడిపడితే, ఎంచుకోవడమే భయంగా మారుతుంది. ఇటువంటి మనిషి మీ ఎదుట కూర్చుని మాట మారుస్తుంది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుంది, మళ్ళీ వస్తుంది. దాన్ని మీరు అబద్ధమనీ, నిలకడలేనితనమనీ రాసుకుంటున్నారు. అది ఆ నిర్బంధం మిగిల్చిన గాయం, మీరు నమోదు చేయవలసిన సాక్ష్యం.

3. అప్పులు మిగులుతున్నాయి. డ్వాక్రా సంఘంలో సంతకం ఆమెది, డబ్బు వాడుకునేది అతను. ఆమె ఇల్లు విడిచి వెళ్ళినా కంతు ఆమె పేరనే ఉంటుంది, సంఘంలోని తొమ్మిది మంది ఆమెనే నిలదీస్తారు. బంగారం తాకట్టులో ఉంటుంది, రసీదు అతని దగ్గర ఉంటుంది.

4. పిల్లలు చూస్తూ ఉండేవాళ్ళు మాత్రమే కారు, వాళ్ళూ ఆ అదుపులోనే పెరుగుతున్నారు. బ్రిటన్‌లో ఎమ్మా కాట్జ్ 15 మంది తల్లులతో, 15 మంది పిల్లలతో మాట్లాడి 2016లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. స్నేహితుల ఇళ్ళకు వెళ్ళలేని, అమ్మమ్మ, తాతల దగ్గర ఉండలేని, తల్లితో ఆడుకోవడానికి కూడా అనుమతి కావలసిన బాల్యం అది. నా పెద్దవాడి గురించి పైన రాశాను.

5. ప్రాణాలు పోతున్నాయి. 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న ప్రతి 100 మంది స్త్రీలలో దాదాపు 37 మంది మన దేశస్థులని లాన్సెట్ పత్రికల్లో వచ్చిన అధ్యయనం తేల్చింది. వారిలో వివాహితులే ఎక్కువ. మన పత్రికల్లో రెండు వాక్యాల్లో 'కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య' అని వస్తుంది. ఆ కడుపునొప్పి వెనక ఎన్నేళ్ళ కాపురం ఉన్నదో ఎవరూ అడగరు. బ్రిటన్‌కు చెందిన జేన్ మాంక్టన్ స్మిత్ భర్త లేదా సహచరుడి చేతిలో జరిగిన 372 హత్యలను పరిశీలించి, వాటి వెనక ఎనిమిది దశలు వరుసగా కనిపించాయని 2019లో చూపించారు. ఆ బంధాలను నడిపినది నియంత్రణే, ఆ పట్టు జారిపోతున్నదని అతను గ్రహించిన ఘట్టం నుంచి ప్రమాదం పెరుగుతుంది. అంటే ఆమె విడిపోతానని మీ దగ్గరికి వచ్చిన ఆ వారం ఎంతో ప్రమాదకరమైన వారం. ఆ వారంలోనే మీరు ఆమెను తిరిగి అదే ఇంటికి పంపుతున్నారు.

భార్యాభర్తల మధ్య వచ్చే ప్రతి తగవునూ ఇందులో కలపమని నేను అడగడం లేదు. మైకేల్ జాన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1995లోనే ఈ రెంటినీ వేరు చేశారు: కోపంలో చెలరేగే గొడవ ఒకటి, ఒకరు మరొకరి బతుకునంతా గుప్పిట్లో పెట్టుకోవడం మరొకటి. మీరు చేసే సర్దుబాటు మొదటిదానికి పనికిరావచ్చు. రెండోదానికి అదే విషం, ఎందుకంటే అతని ఎదుట ఆమె నోరు విప్పలేదు, విప్పినా ఇంటికి వెళ్ళాక దానికి మూల్యం చెల్లిస్తుంది. ఈ తేడా గుర్తించడం నేర్చుకుంటే తప్పుడు ఫిర్యాదుల భయం కూడా తగ్గుతుంది.

1992లో ఇదే నెల్లూరు జిల్లాలో, దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన ఆడవాళ్ళు తమ బతుకు గురించి తామే చదివి, తామే మాట్లాడుకుని, రోశమ్మ గారి లాంటివారు ముందు నిలవగా సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. బాధకు మాట దొరికితే ఏం జరుగుతుందో ఈ జిల్లాకు వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. అందుకే ఈ కోరికలను ముందుగా ఇక్కడి అధికారుల ముందే ఉంచుతున్నాను.

1. ఫిర్యాదు చేసిన ప్రతి స్త్రీకి ఫారం-1లోని మానసిక, ఆర్థిక హింస వరుసలన్నీ తెలుగులో చదివి వినిపించి నమోదు చేయాలి. తేదీ గడిలో 'ఫలానా సంవత్సరం నుంచి ప్రతి రోజూ' అని రాస్తే స్వీకరించాలని రక్షణాధికారులకు, గ్రామ, వార్డు సచివాలయాల మహిళా పోలీసులకు లిఖితపూర్వకంగా ఆదేశాలు ఇవ్వాలి.

2. ఆమెతో ఒంటరిగా మాట్లాడకుండా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం ఈ రోజు నుంచే ఆపాలి. కౌన్సెలింగ్‌లో తాను చేసిన హింసను సమర్థించుకునే వాదనకు అవతలి వ్యక్తికి అవకాశం ఇవ్వరాదని గృహహింస చట్టం కింద చేసిన 2006 నాటి నిబంధనల్లోనే ఉంది. 'నా భార్య మొండిది కాబట్టి' అన్న మాట ఆ గదిలో వినిపించకూడదు.

3. మేజిస్ట్రేటు మొదటి విచారణను మామూలుగా 3 రోజుల్లో చేపట్టాలని, 60 రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని గృహహింస చట్టం 12వ సెక్షన్ చెబుతున్నది. మన రెండు జిల్లాల్లో ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్ని ఆ గడువులో తేలాయో, ఎన్నింటిలో ఆర్థిక హింస నమోదయిందో మూడు నెలలకొకసారి ప్రకటించాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చిందన్న మాటను, 181 (మహిళల సహాయవాణి), 15100 (న్యాయసహాయం) నంబర్లను ప్రతి సచివాలయం గోడ మీద రాయించాలి.

4. ఆసుపత్రిలో భర్తను, అత్తను కాసేపు బయట కూర్చోమనే నియమం ఒక్కటి పెట్టండి. దానికి నిధులు అక్కరలేదు. ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 'దిలాసా' పేరుతో హింసకు గురైన స్త్రీల కోసం ఆసుపత్రిలోనే విభాగం నడుస్తున్నది. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో అటువంటిది ఏర్పాటు చేయాలి. ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు గుర్తించే శిక్షణ ఇవ్వాలి. మనసుకు సాయం కావలసినవాళ్ళను ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 టెలీ మానస్‌కు కలపాలి.

5. రక్షణ ఉత్తర్వులో బ్యాంకు ఖాతాలు, లాకర్లు వాడకుండా నిలువరించే అధికారాన్ని 18వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. దాన్ని అడగవచ్చని దరఖాస్తు రాసేటప్పుడే ఆమెకు చెప్పాలి. ఖాతాకు ఉన్న ఫోన్ నంబరు మార్చుకోవడానికి వచ్చిన స్త్రీని 'మీ ఆయన్ను తీసుకురండి' అని బ్యాంకులో తిప్పి పంపకూడదు.

6. విశ్వవిద్యాలయాల ఆచార్యులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. పైన నేను రాసిన పరిశోధనల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో, వేరే నేలల మీద జరిగినవి. ఉమ్మడి కుటుంబంలో అత్త, ఆడపడుచు, మరిది ఈ అదుపులో ఎలా పాలుపంచుకుంటారో, పొగాకు బేరన్లలో, రొయ్యల చెరువుల మీద, చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో పనిచేసే కుటుంబాల్లో కూలి డబ్బు ఎవరి చేతికి వెళుతున్నదో, పుట్టిల్లు కూడా 'అక్కడే ఉండు' అని ఎందుకు అంటుందో ఇక్కడి తెలుగులో అడిగి రాసినవాళ్ళు కావాలి. అడిగేటప్పుడు జాగ్రత్తలు తప్పవు: ఆమె ఇంట్లో, ఇతరుల ఎదుట ఈ ప్రశ్నలు వేయకూడదు, ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడగాలి, కాగితం మీద పేరు ఉండకూడదు, మాట్లాడాక ఆమె ఎక్కడికి వెళ్ళవచ్చో చెప్పగలగాలి. బయటపడినవాళ్ళు ఎలా కోలుకుంటున్నారన్నదాన్ని కూడా పరిశోధించండి. నాకు ఎక్కువగా తోడ్పడినది మా బడిలో ఒక సహోపాధ్యాయిని ప్రతి ఆదివారం ఏమీ అడగకుండా వచ్చి, నాతో పాటు కూరగాయలకు బజారుకు నడవడం. అలాంటివి ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో, పై ఆరింటిలో వేటిని అమలు చేయగలరో, వేటిని చేయలేరో, ఎందుకు చేయలేరో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. నా మూడు అర్జీల నకళ్ళు, మూడోదానికి ఇచ్చిన రసీదు జత చేస్తున్నాను. మీ సిబ్బందికి శిక్షణ పెడితే, ఆదివారాల్లో వచ్చి కూర్చుని మా అనుభవాలు చెప్పడానికి నేనూ, మరో ఆరుగురు స్త్రీలూ సిద్ధంగా ఉన్నాము. పిల్లల అప్పగింత వ్యవహారం ఇంకా నడుస్తున్నందువల్ల నా పేరు ఇక్కడ రాయలేదు. మీకు విడిగా పంపిన ప్రతిలో సంతకం, చిరునామా ఉన్నాయి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
కావలి ప్రాంతం, నెల్లూరు జిల్లా